పేరు రాయని బొత్తం

ఇన్నేళ్లుగా నేను మోస్తున్నది ఒక అబద్ధం. చిన్నదే అని నాకు నేను చెప్పుకోబట్టి మోయగలిగాను. మీరు నన్నెరుగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఇంటర్నెట్ సెంటర్లు కొత్తగా వచ్చిన రోజుల్లో పాడేరులో వెబ్‌సైట్లు తయారుచేసేవాణ్ణి. ఏజెన్సీ ఊళ్లలో చదువు చెప్పే ఉద్యోగాల దరఖాస్తుల కోసం ఒక సంస్థ నాచేత సైట్ చేయించుకుంది. చూపులేనివాళ్లూ వాడగలరని పరీక్షించి చూశానని సంతకం పెట్టాను. పరీక్షించలేదు.

దరఖాస్తుల గడువు చివరిరోజు నేను ఆ సంస్థ ఆఫీసులో ఉండగా సుందరమ్మ వచ్చింది. పుట్టుకతోనే చూపు లేదు. తెరమీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌ను విశాఖలో నేర్చుకుంది. చింతపల్లి నుంచి జీపులో ఒక్కతే వచ్చి, ఆ సాఫ్ట్‌వేర్ ఉన్న ఆఫీసు కంప్యూటర్లో దరఖాస్తు నింపింది.

“బాబూ, అన్నీ నింపేసినాను. ఆకర్న పంపే బొత్తమే తెలడం నేదు. ‘గ్రాఫిక్’ అనేసి ఊరుకుంటంది. ఓపాలి సూత్తారేటి?”

వెంటనే అర్థమైంది. బొత్తానికి బదులు బొమ్మ పెట్టాను. ఆ సాఫ్ట్‌వేర్ చదివి వినిపించేలా దాని వెనక ‘పంపండి’ అన్న ఒక్క మాట రాయలేదు. నిమిషం పని. కానీ పక్కనే ఆఫీసరు వింటున్నాడు, నా సంతకమున్న కాగితం ఆయన బీరువాలో ఉంది.

“సైట్ బాగానే ఉందమ్మా. మీకే వాడడం సరిగా వచ్చినట్టు లేదు,” అన్నాను.

ఆమె వాదించలేదు. “అవును బాబూ, నానే సరిగ్గా నేర్సుకోనేదేటో,” అని గోడ తడుముకుంటూ మెట్లు దిగింది.

కనీసం ఆమె తరఫున నేనే నొక్కి పంపి ఉండొచ్చు కదా? నొక్కితే, ఎందుకు నొక్కాల్సి వచ్చిందని ఆఫీసరు అడిగేవాడు. ఆమె దరఖాస్తు వెళ్లకుండానే గడువు దాటాక, బొత్తం వెనక ‘పంపండి’ అని రాసేశాను. ఎవరూ గమనించలేదు.

నాలుగేళ్ల తర్వాత చింతపల్లి జీపులో ఆమె నా ఎదుటి సీట్లో కూర్చుంది. మోకాళ్లు తగులుతున్నాయి. పక్కనున్నావిడ ఏదో అడిగితే, “కంప్యూటర్ ఒగ్గేసినాను. నాకది రాదని తేలిపోనాది,” అంది.

నోరు విప్పితే గొంతు గుర్తుపడుతుంది. ఘాట్ రోడ్డు పొడవునా దగ్గు కూడా ఆపుకున్నాను. అది భయమా, సిగ్గా? చుట్టూ అంతమంది ఉండగా అంత ఒంటరిగా నేనెప్పుడూ లేను. ఆమె తన ఊరి దగ్గర దిగిపోయింది.

ఇప్పుడు ఏ సైట్ చేసినా తెర ఆర్పేసి, చెవులతోనే వాడి చూస్తాను. శ్రద్ధ గలవాణ్ణని మెచ్చుకుంటారు. ఊరుకుంటాను.

ఆమెకు చెప్పాల్సింది మీకు చెబుతున్నానని తెలుసు. సుందరమ్మకు కంప్యూటర్ వచ్చు. తప్పు నాది. ఈ రెండు మాటలూ రాయడానికి ఇంతకాలం పట్టింది.