మిషన్ కంటికి పెట్టిన బొట్టు

2025 మార్చి 12, బుధవారం, పొద్దున పదకొండు గంటలు. భూపాలపల్లిలో మేం పనిచేసే వర్క్‌షాపులో మెటల్ ప్రింటర్ తలుపు తెరిచాం. ఈ మిషన్‌లో స్టీలు పొడిని పల్చగా పరిస్తే, పైనుంచి లేజర్ దాన్ని కరిగిస్తూ పొర మీద పొర కడుతుంది. వచ్చిన సరుకును ఆకురాయితో రాకి నునుపు చేయడం నా పని. నేను యాభై దాటాక అక్షరాలు నేర్చినవాణ్ణి. మిషన్ సెట్టింగులు ఇంజనీరు ఆఫ్రీన్ చూస్తుంది.

చేస్తున్నది ఇంపెల్లర్, అంటే పంపులో నీళ్లను తోసే రెక్కల చక్రం. అది మా పక్కనే నిలబడ్డ చిట్యాల ఊరి సమ్మక్కది. ఆమె పాత పంపుకు విడిభాగాలు ఎక్కడా దొరకలేదు. వరి పొట్ట మీద ఉంది, మడి నెర్రెలు బారుతోంది. రెక్కల సందుల్లోకి నా ఆకురాయి దూరదు. నునుపు మిషన్‌లోనే రావాలి. గరుకుగా ఉంటే పంపు నీళ్లు సరిగ్గా తోయదు.

మొదటి చక్రం ఉప్పుకాగితంలా వచ్చింది. లేజర్ స్పీడు ఎక్కువై పొడి సగమే కరిగింది. ఆఫ్రీన్ స్పీడు తగ్గించింది. ఇప్పుడు తీసిన రెండోది నున్నగానే ఉంది, తలుపు వైపు తప్ప. అక్కడ మళ్లీ అదే గరుకు. పొడి ఇంకొక్క చక్రానికే ఉంది.

"పవర్ పెంచు" అన్నాను.

"పెంచితే నున్నగొచ్చిన దిక్కు ఉడుకుతది బాపూ. లోపల బొక్కలు పడ్తయ్."

"మరి చూసుకుంట కూసుందామా? ఆమె పొలం ఎండుతున్నది."

"జర ఒర్రకు. సెట్టింగ్ ఒక్కటే అయినప్పుడు రెండు దిక్కులు ఒక్కతీరు రావాలె గదా?"

టార్చి పట్టుకుని తల లోపలికి పెట్టింది. లేజర్ దిగే అద్దం మీద, తలుపు వైపు, పల్చటి ఎర్ర మసక. అక్కడ వెలుగు సగమే దిగుతోంది.

"సమ్మక్కా, మొన్న బొట్టు ఏడేడ పెట్టినవ్?"

"రెండోదన్న మంచిగ రావాలని తలుపుకు పెట్టిన. దాని కంటికి పెట్టిన. మా మోటరుకు పెట్టినట్టే, బిడ్డా." ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "నా పంట నేనే ఎండబెట్టుకున్ననా?"

"అద్దం నేను తుడిచిన గని, మంచిగ తుడువలేదు" అంది ఆఫ్రీన్.

"ఏడ్సుడు బంద్ చెయ్యి. ఇంకొకదానికి పొడి ఉన్నది" అన్నాను.

ఆఫ్రీన్ అద్దం శుభ్రం చేసింది. సెట్టింగు ముట్టుకోలేదు. మరునాడు వచ్చిన చక్రం సందుల్లో వేలు తిప్పాను. ఎక్కడా గీసుకోలేదు. సాయంత్రం సమ్మక్క ఫోన్ చేసి, దాన్ని మడి వైపు పట్టింది. మడిలో పడుతున్న నీళ్ల చప్పుడు వినిపించింది.

అంకెలు మార్చే ముందు వెలుగు దారి చూడాలని అప్పుడు తెలిసింది. ఇప్పుడు బొట్టు తలుపు బయటే పెడుతున్నాం.

ఆ బుధవారం అక్కడున్నది ఆఫ్రీన్, సమ్మక్క, రాజయ్య అనే నేను.