గోటితో గీకి చూసిన గోడలు

మా కొడకండ్ల కుట్టు సంఘం షెడ్డు మీద రేకులు. పోయిన వేసవిలో మిషన్ల ముందే ఇద్దరు కళ్ళు తిరిగి పడిపోయారు. మధ్యాహ్నమైతే పని ఆపి ఇళ్ళకు పోవడమే. అందుకే కొత్త హాలు అనుకున్నాం; ఆ బాధ్యత సంఘం నాకు అప్పగించింది. హైదరాబాదు డిజైనర్ ఒకాయన మట్టిపూత గోడలు, వెదురు తడకల కప్పు, లోపలే మొక్కలు అంటూ ఫోన్లో బొమ్మలు చూపించాడు. అంత అందంగా ఉండేసరికి నాకు అనుమానం పుట్టింది. చెవిలో పువ్వులు పెట్టడానికి మేమే దొరికామా? ఆయన కట్టిన రెండు హాళ్ళు చూశాకే సరే అంటానని, సంఘంలో కుట్టే సరోజను వెంటబెట్టుకుని బయల్దేరాను.

పొద్దున ఏడింటికి జనగామలో రైలెక్కాం. జనరల్ బోగీలో కాలు పెట్టే సందు లేదు. పక్కనున్న మిర్చి వ్యాపారి సంగతంతా విని, "బొమ్మల్ల అన్ని మంచిగనే ఉంటయమ్మా. ముట్టి చూడుండ్రి" అన్నాడు.

మహబూబాబాద్ స్టేషన్ బయట ఇడ్లీ తిని ఆటోలో ఆయన కట్టిన మొదటి హాలుకు పోయాం, పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చేది. గోడ మట్టిరంగులోనే ఉంది. గోటితో గీకాను. గోరు విరిగింది గానీ గోడ రాలలేదు. లోపలంతా సిమెంటే. పైనుంచి వేలాడే తీగలు ప్లాస్టిక్‌వి. వేడి మా షెడ్డులో ఉన్నంత ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"మొదలు మట్టే ఉండెనమ్మా" అన్నాడు వాచ్‌మన్. "గుడిసె లెక్కుందని పెండ్లోళ్లు వస్తలేరని, హాలు కమిటోళ్లే సిమెంటు కొట్టిచ్చి గీ రంగేయించిన్రు."

డిజైనర్ ఇతనికి బాగానే నేర్పి పెట్టాడనుకున్నాను.

హన్మకొండలో బస్సు మారి, ఆధార్ చూపించి ఆడవాళ్ళకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ తీసుకుని, పరకాల, రేగొండ మీదుగా భూపాలపల్లి చేరేసరికి మూడు కావస్తోంది. మీరెవరైనా ఈ రెండో హాలు చూడదలిస్తే ఎండపూటే వెళ్ళండి. గడప దాటగానే ఒంటికి చల్లగా తగిలింది. ఏసీ ఎక్కడ దాచారా అని మూలమూలా వెతికాను. లేదు. నలుగురు ఆడవాళ్ళు నేలమీద కూర్చుని తీరుబడిగా విస్తరాకులు కుడుతున్నారు. తలుపు పక్క గోడ నిండా గీతలే. నేనూ గీకాను. గోటి సందున ఎర్రమట్టి చేరింది.

"గోకకు బిడ్డా" అంది ఊడ్చే అవ్వ. "వచ్చినోళ్లంత గిదే పని. ఎన్నిసార్లు పూయాలె నేను?"

సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. బయటికి రాగానే డిజైనర్‌కు ఫోన్ చేసి పని మొదలుపెట్టమన్నాను.

తిరుగు బస్సులో సరోజ ముఖం వెలిగిపోతోంది. "ఇగ ఎండకాలం గూడ కుట్టుకోవచ్చక్కా" అంది. నాకూ ప్రాణం లేచివచ్చినట్టయింది. పరకాల దాటాక మళ్ళీ అంది: "అంత అయినంక గోడలకు టైల్స్ కొట్టిద్దమక్కా. చుట్టాలొస్తే మట్టింట్ల కూసున్నరంటరు."

వాచ్‌మన్ చెప్పింది నిజమేనని అప్పుడు నమ్మాను. టైల్స్ వేస్తే చల్లదనం పోతుందే అని జనగామ దాకా సరోజతో పోట్లాడుతూనే వచ్చాను. ఆమె వినలేదు.

"సంఘంల అందర్ని అడుగుదం తీ" అంది దిగేటప్పుడు.

అందరూ ఏమంటారో నాకు తెలుసు.