సూరమ్మ గుమ్మమే ముఖ్యపట్టణం

సత్తియ్య గారికి ఏదైనా సరే, మొత్తంగా ఉంటే నచ్చదు. దాన్ని విభజించాలి, విభజించిన ప్రతి ముక్కకీ ఒక అధికారిని వేయాలి.

యానాంలో మా పక్కిల్లే ఆయనది. ఫ్రెంచి సైన్యంలో పనిచేసి పింఛనుతో తిరిగొచ్చారు. "ఫ్రాన్సులో మన జిల్లాలాంటిదాన్ని దెపార్తమా అంటారయ్యా. దాన్ని అరొందిస్మాలుగా విడదీస్తారు. ఒక్కోదానికీ ఒక ముఖ్యపట్టణం, అక్కడ సూప్రెఫే అని ఒక అధికారి" అంటూ పాలవాడిక్కూడా చెప్పేవారు.

"నేను నీళ్లు కలపలేదండి బాబూ" అని వాడు సైకిలెక్కేసేవాడు.

ఇంట్లో వంటిల్లు ఆయన భార్య జ్ఞానమ్మ గారి అరొందిస్మా. గుమ్మంలో నిలబడి "లోపలికి రావచ్చా?" అని అడిగేవారు.

"కూర తరిగిపెట్టేటట్టయితే రండి" అనేదావిడ. ఆయన సరిహద్దు నుంచే వెనక్కి మళ్లేవారు.

తొంభై ఎనిమిదిలో మా వీధినీ విభజించారు. చివరి ముక్క నాకు వచ్చింది.

"దానికి సూప్రెఫేవి నువ్వేనమ్మా, సత్యశ్రీ. ముఖ్యపట్టణం సూరమ్మ గుమ్మం. రోజూ పొద్దున్నే అక్కడ హాజరవ్వాలి. అది రూలు."

పడవ బోల్తాపడి భర్తా కొడుకూ పోయాక సూరమ్మ ఎవరినీ గడప తొక్కనిచ్చేది కాదు. పలకరిస్తే తిట్లే. ఆ తిట్లకి వీధంతా తలుపులు వేసుకునేది. పెద్దాయన మాట కాదనలేక వెళ్లేదాన్ని.

"చచ్చానేమో చూసిపోదామని వచ్చావా?" అనేది.

"హాజరండీ" అని వచ్చేసేదాన్ని.

ఒక పొద్దున తిట్లు వినపడలేదు. కిటికీలోంచి చూస్తే సూరమ్మ పొయ్యి పక్కన పడిపోయి ఉంది. నా కేకకి వీధంతా పరిగెత్తుకొచ్చింది. గడియ విరగ్గొట్టి, ఆటోలో ఆసుపత్రికి చేర్చాం. తుంటి విరిగింది. ఇంకో పూట ఆలస్యమైతే దక్కేది కాదన్నారు డాక్టరు గారు.

ఆసుపత్రి వరండాలో సత్తియ్య గారిని అడిగాను. "ఫ్రాన్సులో ముఖ్యపట్టణాన్ని ఇలా వీధి చివర పెడతారాండీ?"

"లేదమ్మా. పెద్ద ఊళ్లో పెడతారు." ఆయన సూరమ్మ ఉన్న గది వైపు చూపించారు. "నేను వెళ్తే ఆవిడ తలుపేసుకుంటుంది. ఊరికే చూసిరమ్మంటే నువ్వు నాలుగు రోజులెళ్లి మానేస్తావు. ఉద్యోగమైతే మానవు కదా!"

సూరమ్మ కోలుకుని మళ్లీ పొయ్యి రాజేసిన రోజు, ఆయనే నాతో వచ్చి కొత్త గడియ బిగించారు. వంకరగా ఉందని ఆవిడ తిట్టింది. విప్పి మళ్లీ బిగించారు. మళ్లీ తిట్టింది.

చివరికి, "చాల్లెండి, చేతులు కడుక్కోండి. అన్నం తిని వెళ్దురుగాని. నువ్వూ రావే" అంది.

ముగ్గురం కూర్చున్నాం.

"పప్పులో ఉప్పు తక్కువైందమ్మా" అన్నారు సత్తియ్య గారు.

ఆ తర్వాతి తిట్లు వీధి మొదటిదాకా వినపడ్డాయి. ఎవరూ తలుపులు వేసుకోలేదు.