చూపుతో వినే సరసమ్మ

గుడియాత్తం బజారులో లుంగీల కొట్టు నడిపే సరసమ్మ, ఎవరొచ్చినా ముందు కళ్ళజోడు పెట్టుకుని, "ఇప్పుడు చెప్పప్పా" అనేది. ఆమె చూపు ఎవరి పెదవుల మీద నిలిస్తే వాళ్ళ మాటే వినపడేది. చూపు తప్పితే మాట గాలికి పోయేది.

మద్రాసు నుంచి ఆంధ్ర రాష్ట్రం విడిపోయిన ఏడు చిత్తూరు నుంచి కొత్త కోడలు అమ్మణి వచ్చింది. ఎప్పుడూ తల వంచుకునే మాట్లాడేది. నెల తిరిగేసరికి, అత్త దేనికీ బదులు పలకడం లేదని ఏడుస్తూ పెట్టె సర్దుకుంది.

సరసమ్మ కంగారుగా ఆమె గడ్డం పట్టి ముఖం పైకెత్తింది. "నన్ను చూసి చెప్పు తల్లీ. నోరు కనపడకుంటే నాకు మాట ఇనపడదు."

అమ్మణి కళ్ళు తుడుచుకుంది. "సాంబారులో ఉప్పు ఎక్కువేస్తా ఉండారత్తా. నెలనాళ్ళుగా చెప్తానే ఉండాను."

సరసమ్మ పకపకా నవ్వి, గరిట తెచ్చి కోడలి చేతిలో పెట్టింది.