బకెట్లో ఉన్నది మందు కాదు

పోయిన వారం పాల కేంద్రంలో క్యాను దించుతుంటే మా వీధి చివరింటామె చెప్పింది.

"అక్కా, తెలిసిందా? యూరియా కాంపౌండరు పోయినాడంట. కుప్పంలో, కూతురింట్లో."

"ఎవురు?" అన్నాను, తెలిసి కూడా.

"అదేక్కా, మీ ఆవును సంపినాయప్ప."

ఆ పేరు ఆయనకు రావడానికి కారణం నేను. ఆయన బతికుండగా ఈ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మా పుంగనూరు చుట్టుపక్కల పల్లెలకు వచ్చే పశువుల కాంపౌండరు ఆయన. పశువును చూడగానే సూది తీసే రకం కాదు. ఎడమ డొక్క గుంతలో పిడికిలి ఆనించి, కళ్ళు మూసుకుని, లోపలి కదలికలు లెక్కపెట్టేవాడు. రెండు నిమిషాలకు మూడు వస్తే, "లోపల సంసారం బాగానే నడస్తాండాదమ్మా" అనేవాడు.

వానలు లేని ఒక ఏడాది మా కొట్టంలో ఒట్టి వరిగడ్డి తప్ప ఏమీ మిగల్లేదు. పాలు తాగే పెయ్యదూడున్న ఆవుకు ఎముకలు తేలాయి. గడ్డికి యూరియా నీళ్ళు పట్టించి మాగబెడదామన్నాడు కాంపౌండరన్న. మా అత్త ఒప్పుకోలేదు.

"సేనికేసేది గొడ్డుకు పెట్టమంటావా నాయనా?"

"ఆవు ఒగటే తింటాందనుకున్యావా అవ్వా? దాని పెద్ద పొట్టలో కంటికి కనపడని జీవాలు కోట్లుండాయి. యూరియాలో ఉండే నత్రజని తిని అవి పెరుగుతాయి. పెరిగినాటిని ఆవు అరిగించుకుంటాది. మనం మేపేది వాటిని."

"అట్లయితే పాలు కూడా వాటివేనా?"

"సగం వాటివే," అన్నాడు నవ్వకుండా. తర్వాత నా వైపు తిరిగాడు. "ఒగేసారి ఎక్కువ పడితే అవి అందుకోలేవమ్మా. మిగిలింది నెత్తుట్లో కలిసి విషమౌతాది. రాసుకో."

నోటుపుస్తకంలో రాసుకున్నాను. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా. మూడు వారాలు గాలి చొరకుండా ప్లాస్టిక్ పట్ట కప్పాలి. తీసినాక ఆరబెట్టి, కొంచెం కొంచెంగా అలవాటు చేయాలి. మిగిలిన యూరియా నీళ్ళు పశువులకు అందనీయకూడదు, చెట్ల పాదుల్లో పోయాలి. ఆ చివరి మాట కింద గీత కూడా గీశాను.

మా అత్త చేనికి పోయిన పూట గడ్డి తడిపి, నల్ల పట్ట కప్పి ఆయన వెళ్ళిపోయాడు. అర బకెట్ నీళ్ళు మిగిలాయి. నేను వంటింట్లో సంగటి కెలుకుతున్నాను.

"బకెట్లో ఏముండాదే?" అని మా అత్త పెరట్లో నుంచి అరిచింది.

"కాంపౌండరన్న కలిపిన మందు, అత్తా."

మా ఇళ్ళల్లో చేనికి వేసేదీ మందే, జబ్బుకు తాగేదీ మందే. ఆమె దాన్ని కుడితిలో పోసి ఆవు ముందు పెట్టింది. దాహం మీదున్న ఆవు అడుగుదాకా తాగేసింది.

అరగంటలో దానికి ఒళ్ళు వణికింది, నోట నురగ వచ్చింది, డొక్క ఉబ్బింది. ఫోను చేస్తే ఆయన దారిలో నూడిల్స్ బండి దగ్గర రెండు వెనిగర్ సీసాలు తీసుకుని మోపెడ్ మీద వచ్చాడు. ఆ పులుపు విషాన్ని విరుస్తుందట. ఒక సీసా చన్నీళ్ళలో కలిపి తాపుతుండగానే ఆవు కళ్ళు తేలేసింది.

ఊరంతా చేరింది. "నీ మందే నా ఆవును మింగింది గదరా!" అని మా అత్త ఏడ్చింది. "ఏమప్పా, నీ సదువంతా మా గొడ్ల మీదేనా సూపించేది?" అన్నారెవరో.

ఆయన ఖాళీ బకెట్ చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నేను చేయాల్సిందల్లా ఆ నోటుపుస్తకం తెచ్చి చదవడమే. తెచ్చాను, కానీ బయటికి కాదు. బియ్యం డ్రమ్ములో అడుక్కి తోశాను. ఇంట్లో జాగ్రత్త అంటే నేనే అనే పేరుండేది నాకు. దాన్ని కాపాడుకున్నాను.

"నేనే సరిగా సెప్పలేదేమోలేమ్మా," అన్నాడు పోతూ.

మళ్ళీ మా పక్క పల్లెల్లో ఎవరూ ఆయన చేత పశువును ముట్టించలేదు. మూడు వారాలకు పట్ట కింద గడ్డి మాగింది. దాన్ని మేపడానికి భయపడి దిబ్బలో పారేశాం. ఆ ఎండాకాలం మేత లేక ఎముకల గూళ్ళైన పశువులను సంతలో అమ్ముకున్నవాళ్ళు మా ఊర్లో చాలామంది. ఆయన కుప్పం పక్కకు బదిలీ చేయించుకున్నాడు.

మా అత్త పోయినాక, ఒకసారి మదనపల్లె బస్టాండులో కనిపించాడు. ఆవు చచ్చిన మాట ఎత్తలేదు.

"దాని దూడ ఎట్లుండాదమ్మా?"

"ఈనిందన్నా. పాలు బాగా ఇస్తాండాది."

"మంచిది, మంచిది," అన్నాడు. ఆ ముఖం చూసి చెప్పేద్దామనుకున్నాను. బస్సు వచ్చింది. ఎక్కేశాను. ఆ బస్సు కాకపోతే ఇంకో బస్సుండేది.

పోయిన వారం పాల కేంద్రంలో మాత్రం అందరికీ వినబడేటట్టు చెప్పాను. "ఆయప్ప తప్పేమీ లేదు. బకెట్లో ఉండేది మందని మా అత్తకు సెప్పింది నేను."

"పోనీలేక్కా," అంది వీధి చివరింటామె, తన క్యాను ముందుకు జరుపుకుంటూ. "ఇప్పుడెవురికి కావల్ల?"

ఆయన తెచ్చిన రెండో వెనిగర్ సీసా కొట్టం గూట్లో ఆ రోజు పెట్టిన చోటే ఉంది. సున్నం వేసిన ప్రతిసారీ తీసి, తుడిచి, మళ్ళీ అక్కడే పెడతాను. లేబులు వెలిసిపోయింది. మూత సీలు మాత్రం అట్లాగే ఉంది.