హాబ్ కొడుకు

మా ఇంటిపేరు హాబ్‌సన్. మా యార్క్‌షైర్ పల్లెల్లో రాబర్ట్‌ను ముద్దుగా హాబ్ అనేవారు. హాబ్‌సన్ అంటే హాబ్ కొడుకు. ఆ కొడుకు ఎలిస్, ఎన్నో తరాల కిందటి మా ముత్తాత.

హాబ్, ఊరి దొరగారి గొర్రెలు దొంగిలించి పట్టుబడ్డాడు. కొండమీద ఉరి తీశారు. ఉరి సరిగ్గా బిగుసుకోలేదు. అతను గిలగిలా కొట్టుకుంటుంటే జనం నవ్వారు.

"ఏరా ఎలిస్, గుడ్లప్పగించి చూస్తావేం? మీ అయ్య కాళ్లు పట్టుకుని లాగు, తొందరగా పోతాడు!" అని తలారి కేకేశాడు.

పదహారేళ్ల ఎలిస్ వెళ్లి తండ్రి కాళ్లకు వేలాడాడు. ప్రాణం పోయేదాకా వదల్లేదు.

ఆపైన ఊళ్లో ఎవరూ అతన్ని పేరు పెట్టి పిలవలేదు. "హాబ్ కొడుకొస్తున్నాడు, కోళ్లను గంప కింద పెట్టవే!" అనేవారు. భరించలేక ఎలిస్ నది దాటి మరో ఊరు చేరాడు. ఇళ్లకు గడ్డి కప్పుతూ బతికాడు. తండ్రి మహమ్మారికి పోయాడని చెప్పుకున్నాడు. జోర్డన్ అనే రైతు కూతురు ఎమ్మట్ అతన్ని ఇష్టపడింది. ఆమెకు నెల తప్పాక పెళ్లి కుదిరింది.

చర్చిలో పాదిరీ, అభ్యంతరాలుంటే చెప్పమన్నాడు. గొర్రెల బొచ్చు కత్తిరించడానికి వచ్చిన పాత ఊరివాడొకడు వెనకనుంచి లేచాడు.

"అభ్యంతరమేముంది అయ్యగారూ! వీడు దొంగ హాబ్ కొడుకు. అయ్య కాళ్లు లాగి చంపినోడు. జోర్డన్ మామా, నీ కాళ్లు జాగ్రత్త!"

చర్చంతా గొల్లున నవ్వింది.

కడుపుతో ఉన్న పిల్లను ఇంకెవడు చేసుకుంటాడని జోర్డన్ పెళ్లి ఆపలేదు. ఎమ్మట్ మాత్రం మొగుడితో, "ఆ చేతులతో నన్ను ముట్టుకోకు" అంది.

"అయ్య నరకయాతన పడుతున్నాడే, చూడలేక లాగాను."

"తెలుసు. అయినా ముట్టుకోకు."

కొడుకు పుట్టాడు. వాడికి మాటలొచ్చే వేళకు, పన్ను కోసం దొరగారి గుమాస్తా వచ్చి అందరి పేర్లూ అడిగాడు. ఎలిస్ వంతు రాగానే ఊరంతా పళ్లికిలించింది. ఎవరైనా నోరు తెరిచేలోగా తనే అనేశాడు.

"ఎలిస్ హాబ్‌సన్. వీడు నా కొడుకు, వీడూ హాబ్‌సనే."

"పసివాడికి కూడా ఎందుకు తగిలించావు?" అంది ఎమ్మట్.

"నేను అనకపోతే వాళ్లు అనేవాళ్లు."

ఆమె పిల్లాణ్ణి చంకనేసుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. మళ్లీ గడప తొక్కలేదు. పేరు మాత్రం పిల్లాడితోనే వెళ్లింది.