సున్నా చుట్టిన పేర్లు

వేరుశనగ వరుసగా రెండేళ్లు ఎండిపోయిన కాలం అది. ఉరవకొండలో కంప్యూటర్ కోర్సు చేసొచ్చిన నాకు మండల ఆఫీసులో రేషన్ కార్డుల పని దొరికింది. పాత రిజిస్టర్లలోని పేర్లన్నీ ఒక ఫైల్లోకి ఎక్కించాను. ఇక వాటిని పైనుంచి వచ్చిన కొత్త ప్రోగ్రాంలోకి పంపాలి. ఆఫీసులో నా అంత తెలిసినవాడు లేడని పొగరు ఉండేది. అది తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

మా ఊరి రిజిస్టర్లో కొన్ని పేర్ల పక్కన ఎర్ర పెన్సిలుతో సున్నా ఉండేది. పనుల్లేక బెంగళూరుకు కూలికి పోయినవాళ్ల పేరు పక్కన మా తలారి అలా సున్నా చుట్టేవాడు. వానలు పడి వాళ్లు తిరిగొస్తే రబ్బరుతో చెరిపేసేవాడు. ఫైల్లో నేనూ ఆ సున్నాలను అలాగే కొట్టాను. కొత్త ప్రోగ్రాం వాటిని ఒప్పుకోలేదు. దానికి తెలిసినవి మూడే: ఉన్నారు, చనిపోయారు, శాశ్వతంగా వెళ్లిపోయారు. సున్నాకు ఈ మూడింటిలో ఏదో ఒకటి చూపిస్తే, సున్నా ఉన్న పేర్లన్నిటినీ ఒక్కసారే మార్చేస్తుంది. కుటుంబ యజమాని వెళ్లిపోయాడని పడితే ఇంటిల్లిపాదికీ కార్డే రద్దవుతుందని నాకు తెలుసు.

సూపరింటెండెంటును అడిగాను. “సార్, సున్నా ఉన్నోళ్లు మళ్లీ వస్తారు. ఏం పెట్టాల?”

“ఇప్పుడు ఊర్లో ఉండారా?”

“లేరు సార్.”

“ఇంకేమప్పా మరి. శాశ్వతంగా ఎల్లిపోయినారని పెట్టు. సాయంత్రానికి జిల్లాకు పంపల్ల.”

మీట నొక్కే ముందు జాబితా తెర మీదికి వచ్చింది. అందులో మా నాయన పేరుంది. ఆయన బెంగళూరులో, కడుతున్న ఒక బిల్డింగు దగ్గర వాచ్‌మన్. ఆ ఒక్క సున్నా తీసేసి ‘ఉన్నారు’ అని కొట్టాను. ఎవరూ చూడలేదు. దాని కిందే మా వీధిలో ఇళ్లు కట్టే బేల్దారి పేరు. అతని భార్య, ఇద్దరు పిల్లలు ఊళ్లోనే ఉన్నారు. చెయ్యి అక్కడికీ పోయింది. ఇంకొకటి మారిస్తే అన్నీ మార్చాలి, సూపరింటెండెంటు మాట కాదని అన్నీ మారిస్తే నా ఉద్యోగం పోతుంది. చెయ్యి వెనక్కి తీసుకుని మీట నొక్కాను. టీ తాగినంత సేపు కూడా పట్టలేదు.

మరుసటి నెల బియ్యం ఇచ్చే రోజు పొద్దున్నే బేల్దారి భార్య ఆఫీసుకు వచ్చింది. కార్డును ప్లాస్టిక్ కవర్లో పెట్టి పట్టుకుంది.

“ఏమప్పా, డీలరు మా కార్డు లేదంటాండాడు. మేం యాడికి పోయినాం? ఈడనే ఉండాం గదా.”

“కొత్తగా అర్జీ పెట్టల్లక్కా. మీ ఆయన వచ్చి సంతకం చేయల్ల.”

“ఆయప్ప వస్తే ఆడ పని పోతాది. పిల్లోల్లకు ఈ నెల ఏం పెట్టేది?”

నేను తెర వైపు తిరిగి ఏదో టైపు చేస్తున్నట్టు నటించాను. ఆమె కార్డు కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది.

మధ్యాహ్నం ఇంటికి పోతే అమ్మ వేడివేడిగా అన్నం వడ్డించింది.

“పాపం, బేల్దారి పెండ్లాం నా ఎనకాలే వరసలో నిలబడిండె. డీలరు నాకు బియ్యం పోసి ఆయమ్మను పొమ్మనె. కంప్యూటర్ తప్పంట గదరా?”

“అవునంట” అన్నాను. అమ్మ ఇంకో గరిటె అన్నం వేసింది. వద్దనలేదు, తిన్నాను.